ఈరమ్మ సుగ్గికి పోయిన నెల

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఈరమ్మ చచ్చిపోలేదు.

ఎమ్మిగనూరు బస్టాండులోనూ, మా కాలేజీ క్యాంటీనులోనూ, ఆఖరికి ఆదోనిలో మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ దగ్గర కూడా ఈ కథ "చచ్చిపోయిన పిల్ల వచ్చి క్లాసులో కూర్చుందంట" అనే నడుస్తోంది. ఆ పిల్ల నిక్షేపంగా ఉంది. పోయిన వారం నా ఎదురుగానే ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నది. బతికున్న మనిషిని చంపితే తప్ప కొందరికి కథ రుచించదు.

రెండో కథ మా స్టాఫ్ రూముది. ప్రాక్సీ మేడం, ప్రాక్సీ అని నవ్వేస్తారు. హాజరు పిలిచినప్పుడు ఒకరి బదులు ఇంకొకరు పలకడం. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ప్రాక్సీ గొంతు నాకు తెలియదా? ప్రాక్సీ పలికేవాడు తల దించుకుంటాడు, పక్కవాడు కిసుక్కుమంటాడు. పైగా మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు నేను బడిలో పట్టుబట్టి నేర్చుకున్న భాష. అందుకే ఎవరు ఏ ఊరి యాసలో పలికినా నా చెవి ఇట్టే పట్టేస్తుంది.

దయ్యాలంటారా, నేను నమ్మను. సందెవేళ వాకిట్లో జుట్టు విరబోసుకోవద్దు, జిన్నులు తిరుగుతాయి అని మా అత్తగారంటే, ఆమెతో వాదించి, ఆమె రెండు పూటలు నాతో మాట్లాడకుండా కూర్చునేదాకా తెచ్చుకున్నదాన్ని. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండానే ఇది రాయవలసి వచ్చింది, అదే నా బాధ.

నేను ఎమ్మిగనూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఇల్లు ఆదోనిలో. రోజూ బస్సు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఆలస్యంగా పోతే కూర్చోను చోటు దొరికేది కాదు. ఇప్పుడు గదిలో సగం బెంచీలు ఖాళీ. పద్ధతులేమో ఊపిరి తీసుకునేలోపల మారిపోతుంటాయి. మూడు సబ్జెక్టులు వద్దు, ఒకటే మేజర్ అన్నారు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అన్నారు. ఇంటర్న్‌షిప్ అన్నారు. కోసిగి లాంటి ఊళ్ల పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఎవరిస్తారండీ అని మీటింగులో అడిగితే, అది పైవాళ్లను అడగాలి మేడం అన్నారు. స్తోమత ఉన్నవాళ్లు ఇంజనీరింగుకని కర్నూలో బెంగళూరో పోతారు. మిగిలినవాళ్లలో చాలామంది పేరు మా దగ్గర రాయించి, మనిషి మాత్రం ఏ సెల్‌ఫోన్ దుకాణంలోనో, పత్తి మిల్లులోనో పనికి కుదురుకుంటారు. రానివాళ్ల పేర్లు చదవడం మా ఉద్యోగంలో పెద్ద భాగం అయిపోయింది.

ఇక సుగ్గి. మా వైపు పొలాలు వానను నమ్ముకున్నవి. ఉన్న కాస్త పంట ఇల్లు చేరగానే, ఒక్కోసారి చేరకముందే, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే సంబరపు రోజులు. మా దగ్గరకు వచ్చేసరికి ఆ మాటకు ఇంటికి తాళం వేయడం అనే అర్థం ఒక్కటే మిగిలింది.

ఈరమ్మది కోసిగి. అప్పుడు బి.ఏ. రెండో ఏడు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. చేరిన రోజు వాళ్లమ్మ నా ముందు నిలబడి స్పష్టంగా చెప్పింది. "పరీచ్చ తప్పితే మాత్రం మాతోపాటు పనికే మేడం. ఇంగ సదువు ల్యా." హాజరు చాలకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. కనుక ఆ పిల్లకు హాజరంటే ఊరికే ఒక టిక్కు కాదు.

ఇద్దరు ఈరమ్మలను చూసి నేను తికమక పడ్డానని కూడా ఒక సిద్ధాంతం ఉంది. ఉరుకుంద ఈరన్న స్వామి దయవల్ల మా వైపు ప్రతి వీధిలో ఒక ఈరన్న, ఒక ఈరమ్మ ఉంటారు, నిజమే. అందుకే మిగతా లెక్చరర్లు నంబర్లు పిలుస్తారు. నేను పిలవను. మనిషికి పేరుండగా నంబరేమిటి, వాళ్లేమన్నా జైల్లో ఉన్నారా? నేను ఊరి పేరు కలిపి పిలుస్తాను. పెద్దకడుబూరు ఈరమ్మ, కోసిగి ఈరమ్మ. పెద్దకడుబూరు అమ్మాయి పొడగరి, ముందు బెంచీ. కోసిగి ఈరమ్మ కిటికీ పక్క బెంచీ చివర కూర్చుంటుంది. ఎడమ కనుబొమను చీలుస్తూ చిన్న గాటు ఉంటుంది. ఇద్దరినీ కలిపేసుకోవడానికి నాకు చూపు పోలేదు.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్న రోజులు. మధ్యాహ్నం భోజనాల తరువాతి గంట నాది. కోసిగి ఈరమ్మ రోజూ వచ్చింది. రోజూ అని ఎందుకు అంటున్నానంటే, రోజూ పిలిచాను, రోజూ పలికింది, నేను తలెత్తి చూశాను. చున్నీ తలకు చుట్టుకుని, కొస చెవి వెనక దోపుకుని ఉండేది. బస్సులో దుమ్ముకనుకున్నాను. ఆ కిటికీ దగ్గరికి పోతే నా గొంతులో ఘాటు తగిలి దగ్గు వచ్చేది. క్యాంటీనులో తాలింపు అనుకున్నాను.

ఆమె నోట్స్ రాసుకోవడం లేదని ఒకరోజు దగ్గరికి వెళ్లి అడిగాను. రెండు చేతులు ఎత్తి చూపించింది. వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మంటగా ఉంది మేడం అన్నది. ఇంట్లో పచ్చళ్ల పని పెట్టుకున్నారేమో అని, మజ్జిగలో ముంచమ్మా అని చెప్పి బోర్డు దగ్గరికి పోయాను.

ఇంకో రోజు పేర్లు పిలుస్తున్నాను. కోసిగి ఈరమ్మ అన్నాను.

"ఉండానప్పా" అని పలికింది.

మామూలుగా "ఉండాను మేడం" అంటుంది. నాకు నవ్వొచ్చింది. "ఎవరమ్మా అప్ప? నాకేమన్నా మీసాలున్నాయా?" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఈరమ్మ మాత్రం నవ్వలేదు. నన్ను కాకుండా నా వెనక ఎవరినో చూస్తున్నట్టు చూసింది.

షాహీన్ అని ఆదోని పిల్ల, ఈరమ్మ పక్కన కూర్చుంటుంది. నేనెక్కే బస్సే. ఒక సాయంత్రం తనకు నా పక్క సీటు దొరికింది. మేమిద్దరం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పరీక్షలు దగ్గర పడ్డాయి కదా మేడం, ఈరమ్మ వచ్చేస్తుందంటారా అని అడిగింది.

ఎక్కడి నుంచి అన్నాను.

సుగ్గి నుంచి మేడం, నెల దాటింది కదా పోయి.

ఈ మధ్యాహ్నం నీ పక్కనే కూర్చుంది కదే అన్నాను. షాహీన్ పెద్దవాళ్ల తప్పు ఎత్తి చూపేటప్పుడు పిల్లలు వాడే మెత్తని గొంతుతో చెప్పింది. తన పక్కన నెలగా ఎవరూ లేరట. అక్కడ తన బ్యాగు పెట్టుకుంటోందట. నేను ఒకరోజు అక్కడికొచ్చి మజ్జిగ అన్నది నాలో నేను గొణుక్కున్నాననుకుందట. నేను రోజూ ఈరమ్మ పేరు పిలిచి, ఒక క్షణం ఆగి, హాజరు వేసి ముందుకు పోతున్నానట. పాపం సుగ్గికి పోయిన పిల్లకు మేడం అటెండెన్సు ఇస్తున్నారు, ఎవరూ నోరెత్తొద్దని క్లాసంతా ఒక మాట అనుకున్నారట.

"మరి ఆ రోజు అందరూ నవ్వారు కదా, అప్పా అన్నదని?"

"ఎవరూ ఏమీ అనలేదు మేడం. మీరే ఉన్నట్టుండి నా పక్క ఖాళీ చోటును చూసి, నాకు మీసాలున్నాయా అన్నారు. అందుకే నవ్వాం."

బస్సు కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఈరమ్మకు ఫోన్ చెయ్ అన్నాను. షాహీన్ వీడియో కాల్ చేసింది.

పొద్దు వాలుతోంది. తెర నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ముందర ఈరమ్మ. తలకు చున్నీ, కొస చెవి వెనక దోపింది. నన్ను చూసి భయపడి, గుంటూరు తావ ఉండాము మేడం, మా యమ్మోల్లు పిలుసుకొచ్చిరి అన్నది. చేతులు చూపించమన్నాను. చూపించింది.

ఇంతలో వెనక ఆడవాళ్లు ఎవరో "యో మేడం, రా, నీళ్లొచ్చినాయి" అని కేకేసి నవ్వారు. ఎవరిని మేడం అంటున్నారని అడిగాను. వాళ్లమ్మ ఫోన్ తీసుకుని నవ్వుతూనే చెప్పింది. "పొద్దున్నే మేస్త్రి పేర్లు పిలుస్తాడు మేడం. ఒగదినం దీని పేరు పిలిస్తే, మీసాలాయప్పను పట్టుకోని ఉండాను మేడం అనె. ఆపొద్దు నుంచి అందరూ దీన్నే మేడం అంటాండారు."

ఆ పిల్ల ఆ మాట ఏ రోజు అన్నదని అడిగాను.

రెండూ ఒకే రోజు జరిగాయో లేదో నాకు తెలియదు. వాళ్లకు తేదీ గుర్తు లేదు, నాకూ లేదు. కానీ మేస్త్రితో అనవలసిన మాట నాతో, నాతో అనవలసిన మాట మేస్త్రితో అన్నది. బెంగళూరులో సైకాలజీ చదివే మా అమ్మాయి, నీ వయసులో ఒంట్లో మార్పులొస్తాయి మమ్మీ, అలసటకు అట్లా అనిపిస్తుంది అన్నది. సరే, నాకు అలసట. ఆ మేస్త్రి ముందు ఆ పిల్ల నోరు జారిన సంగతి నా అలసటకు ఎవరు చెప్పారు అని అడిగితే ఫోన్ పెట్టేసింది.

మరుసటి రోజే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవారు కాదు. పిల్లలు చేరక కోర్సులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఉన్న పిల్ల ఒక్కరు పోయినా ఆయనకు గుబులే. అంతా విని, దయతో హాజరు వేశానని ఒప్పుకోండి మేడం, నేనూ చూసీచూడనట్టు పోతాను అన్నారు. నేను దయగల మనిషినని మీకెవరు చెప్పారండీ అన్నాను. చూశాను కాబట్టి వేశాను. లేదని కొట్టేస్తే నేను చూసింది అబద్ధమవుతుంది, ఉంచితే ఆ పిల్ల చెప్పేది అబద్ధమవుతుంది. ఏది చేయమంటారో మీరే చెప్పండి అన్నాను. ఆ పిల్లనే అడుగుదాం అని, ఈరమ్మ తిరిగొచ్చాక పిలిపించారు.

వచ్చాను సార్ అని ఆమె ఒక్క మాట అంటే చాలు, అక్కడితో అయిపోయేది. ఆయన ఆ మాట అందించినంత పని చేశారు. పిల్ల నన్ను చూసింది, ఆయన్ను చూసింది.

"మేడం సూసినానంటాంది సార్. మేడం అబద్దం సెప్పే మనిషి కాదు. నేను గుంటూరు తావనే ఉంటి. నాదీ అబద్దం కాదు."

"రెండూ ఎట్లా నిజమవుతాయమ్మా?"

"నన్నడిగితే నాకేం తెలుసు సార్. నేనేమన్నా సైన్సు సదివినానా."

ఆయన నవ్వలేక నవ్వి, పో, పోయి చదువుకో అన్నారు. హాజరు అట్లాగే ఉండిపోయింది. ఆమె పరీక్ష రాసింది. కానీ ఆ నెలలో నేను చెప్పిన పాఠాల్లో ఒక్క ముక్క కూడా ఆమెకు తెలియదు. అడిగి చూశాను. షాహీన్ దగ్గర కూర్చుని అన్నీ మొదటి నుంచి నేర్చుకుంది. నా ఎదురుగా కూర్చుని తలూపింది ఎవరో గానీ, చదువు మాత్రం ఈరమ్మకు అంటలేదు.

ఇప్పుడు ఆఖరి ఏడు. ఇంకొక్క పరీక్ష గట్టెక్కితే కోసిగిలో ఆ వీధికి మొదటి డిగ్రీ. ఈసారి సుగ్గి మానుకోమని వాళ్ల నాన్నతో ఫోన్లో పోట్లాడినంత పని చేశాను. వానల్లేవు మేడం, ఈడుండి ఏం తినల్ల అన్నాడు. దానికి నా దగ్గర ఎకనామిక్స్ లేదు.

పోయే ముందు ఈరమ్మ వచ్చింది. ఏడాదిగా దాచుకున్న మాట అప్పుడు చెప్పింది. పోయినసారి అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి మిరప సాలు మధ్యలో కొయ్యలాగా నిలబడిపోయేదట. కళ్లు తెరిచే ఉండేవట. వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచినా పలికేది కాదట. వీపు మీద రెండు చరిస్తే తప్ప తెలివి వచ్చేది కాదట. ఒకసారి లేపడానికి చాలాసేపు పట్టిందని వాళ్లమ్మ ఏడ్చిందట. ఏ వేళకు అని అడిగాను. అన్నాలు తిన్నాక మేడం, మన క్లాసు ఏళకు అన్నది.

అంతా చెప్పి, నన్ను పిలవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వెళ్లొస్తానని పోయింది.

వాళ్లు పోయి నాలుగు రోజులైంది. నాలుగు రోజులుగా నేను పెద్దకడుబూరు ఈరమ్మ దాకా పిలిచి, తరువాతి పేరు దగ్గర నోరు రాక ఆగిపోతున్నాను. హాజరు పట్టీలో ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నాను. ఇట్లాగే వదిలేస్తూ పోతే నా చేతులతో నేనే ఆ పిల్ల డిగ్రీ పోగొట్టినదాన్ని అవుతాను. పిలిస్తే, అక్కడ ఆ మిరప చేనులో ఏమవుతుందో నాకు తెలియదు.

ప్రాక్సీ అని నవ్వినవాళ్లు, అలసట అన్నవాళ్లు, మీకు తెలివి ఎక్కువ కదా, మీరే చెప్పండి. రేపు మధ్యాహ్నం నేను ఆ పేరు పిలవాలా, వద్దా?