కాలిన గడ్డి, ఆగలేని దేవకమ్మ

కలువాయి నుంచి కోడలిగా వచ్చిన ముప్పై ఏళ్లలో దేవకమ్మ మరిది కొండయ్యతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు. ఆయన గొర్రెలు బాగుంటే మాత్రం ఆమెకు కడుపులో మంట. ఉదయగిరి కొండ దిగువన మామ పంచి ఇచ్చిన మెట్టలో ఆమెది ఎడమ పక్క, ఆయనది కుడి పక్క. మధ్యలో ఒక్క బండిబాట. ఈ ఎండాకాలం ఎవరు పారేసిన బీడీయో గానీ, రెండు పక్కలా బోదగడ్డి భగ్గున కాలిపోయింది.

"కొండయ్యది కూడా పోయినాదా?" దేవకమ్మ ముందు అడిగింది అదే! పోయిందని తెలిశాక కాస్త నిమ్మళించింది.

రెండు వానలు పడ్డాయి. నల్లటి దుబ్బుల మొదళ్లలోంచి పచ్చటి చిగుళ్లు సూదుల్లా లేచాయి. కొండయ్య తన మందను దొడ్లోనే ఆపి తుమ్మకాయలు, రెమ్మలు మేపుతున్నాడు. ఇదే సందని దేవకమ్మ తన నలభై గొర్రెలనూ చిగురు మీదికి తోలింది. ఆయన మందకంటే ముందు తన మంద కండ పట్టాలి మరి!

కొండయ్య చూసి పరుగున వచ్చాడు. "వదినా, ఇప్పుడే తోలబాక. మంట పైపైన పోయినాది. వేళ్లలో దాచుకున్న సత్తువంతా ఈ చిగురుకే పెట్టేసినాది గడ్డి. ఆకు ముదిరితేనే మళ్లా వేరుకి బలం. దుబ్బు పట్టుకోని లాగి చూడు, కదిలిందంటే మేపకూడదు."

"నా గొర్రెలు తింటా ఉంటే నీ కళ్లెందుకు మండతాయి కొండయ్యా?"

ఆయన నవ్వి తన దొడ్డి వైపు నడిచాడు. ఆ నవ్వుకు ఆమెకు ఇంకా మండింది.

నెల తిరిగేసరికి ఆయన పక్క గడ్డి మోకాలెత్తు పెరిగి గాలికి ఊగుతోంది. ఈమె పక్క గుండు కొట్టించుకున్నట్టుంది. వాన ఆయన పక్కనే ఎక్కువ పడిందని కనబడిన వాళ్లందరికీ చెప్పింది. బాట వెడల్పేమో ఎనిమిది అడుగులు!

గొర్రెలు డొక్కలెండి అరుస్తుంటే, ఎవరూ చూడకుండా ఒక దుబ్బు పట్టి లాగింది. వేళ్లతో సహా చేతికి వచ్చేసింది. ఇంకోటీ అంతే. మూడోది మాత్రం బిగిసి నిలబడింది. దాని పక్కనే కూలబడిపోయింది.

మర్నాడు కొండయ్య దొడ్డి దగ్గరికి వెళ్లి, నేల చూపులు చూస్తూ అడిగింది. "నీ పక్క కొంచెం మేపుకోనిస్తావా?"

"తోలు వదినా. ఈ ఏడు నీ నేల జోలికి మాత్రం పోబాక."

తన పక్కకు చుట్టూ ముళ్లకంప వేసి, మందను బాట దాటించింది. గొర్రెలు మరిది గడ్డిలో పడి తల ఎత్తడం లేదు. పిలిచినా పలకడం లేదు. దేవకమ్మ పెద్ద గొర్రె చెవి పట్టుకుంది.

"ఏమే, నా గడ్డి ఒక్కనాడన్నా ఇంత ఆత్రంగా తిన్నావా?"

అది చెవి విదిలించుకుని ఇంకో దుబ్బు దగ్గరికి పోయింది.