సువార్తమ్మ సిస్టర్ తడిగుడ్డ

మొన్న ఉదయగిరి నుంచి నెల్లూరు పోతుంటే బస్సు ఆత్మకూరు స్టాండులో ఆగింది. కిటికీ కింద తమలపాకులమ్మే ఆమె గంప మీద కప్పిన గోనెపట్ట మీద నీళ్లు చిలకరించింది. ఎండకు కాగిన గోనె తడవగానే ఒక వాసన వస్తుంది. అది లోపలికి వచ్చిందో లేదో, నా చెయ్యి దానంతటదే పక్క సీటు మీదికి పోయి పడింది, ఎవరినీ కూర్చోనివ్వకుండా. ఆ సీటు కోసం ఆ స్టాండులో ఎక్కే మనిషి పోయి ఏడాది దాటింది. నా తలకు తెలుసు. చేతికి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆమె పేరు సువార్తమ్మ. తొంభైల నడిమి సంవత్సరాల్లో నెల్లూరులో ఒక ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరుకు పెద్ద నర్సు. నేను ఆమె కింద పనిచేసేదాన్ని. ఆదివారాలు ఇళ్లకు వచ్చి, సోమవారం తెల్లారి మొదటి బస్సుకు మళ్లీ డ్యూటీకి పోయేవాళ్లం. నేను ఉదయగిరిలో ఎక్కి పక్క సీటులో తువ్వాలు పరిచి పెడితే, ఆమె ఆత్మకూరులో ఎక్కి ఆ తువ్వాలు మడిచి నా ఒళ్లో పడేసి కూర్చునేది. పొట్టి మనిషి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. నోరు మాత్రం పొట్టిది కాదు. ఆమె నోటికి జడిసి మా సర్జన్ గారు కూడా చెప్పులు వరుసలో విడిచేవారు.

మోకాలి లోపల ఎముకనూ ఎముకనూ పట్టి ఉంచే పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగితే కుట్టినా అతకదు. అందుకని తొడ వెనక కండ కొసన తాడులా ఉండే నరం ఒకటి తీసి, శుభ్రం చేసి, మడతపెట్టి, కొసలు కుట్టి, ఎముకల్లో తొలిచిన రంధ్రాల గుండా లాగి బిగిస్తారు. డాక్టర్లు దాన్ని గ్రాఫ్ట్ అంటారు. మా వైపు జనానికి అది నరమే, సువార్తమ్మకూ నరమే. సర్జన్ గారు మోకాలి దగ్గర పనిచేసుకుంటుంటే, పక్క బల్ల దగ్గర ఒక మనిషి అరగంట పాటు, ఆరిపోకుండా తడిగుడ్డ కప్పుతూ, ఆ నరాన్ని సిద్ధం చేయాలి. పాడైతే అంగట్లో కొనుక్కొచ్చేది కాదు. మళ్లీ ఆ మనిషినే కొయ్యాలి.

ఆ బల్ల దగ్గరికి ఆమె నన్ను ఎంచుకోవడానికి కారణం నా చదువు కాదు, మా నాయన. "మీ నాయన ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేస్తాడంట గదా. అయితే నీకు చెయ్యి ఉంటాది, రా" అంది ఒకరోజు బస్సులో. కొన్ని ఆదివారాలు చర్చి కాగానే ఆత్మకూరులో వాళ్లింటి వసారాలో నాకు పాఠం. మటన్ కొట్టుకు పోయి మాంసం అడక్కుండా మేక కాలి నరాలు అడిగే ఆడవాళ్లం ఆ ఊళ్లో మేమిద్దరమే. కొట్టాయన ఏదో నాటు వైద్యం అనుకుని వాళ్లమ్మ కీళ్లనొప్పులకు మందు అడిగాడు కూడా. కొలవడం నేర్చుకోవడానికి మా నాయన ఒక చెక్కముక్కకు వరసగా రంధ్రాలు తొలిచి ఇచ్చాడు. ఏడు మిల్లీమీటర్లది, ఎనిమిది, తొమ్మిది. మడిచి కుట్టిన నరం ఏ రంధ్రంలో బిర్రుగా కాకుండా, వదులుగా కాకుండా దూరుతుందో అది దాని లావు. ఇస్తూ ఆయన ఒక్క మాట అన్నాడు. "పచ్చిగా ఉన్నంతసేపే చెక్క మాట వింటాది." సువార్తమ్మకు ఈ మాట చెబితే సంబరపడిపోయింది. "మీ నాయన నా కంటే బాగా చెప్పినాడే. నరమైనా అంతే, తమలపాకైనా అంతే. తడిగుడ్డ తీసినావంటే నీ చేతికి తొందర పుట్టిందని లెక్క."

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. నరం బల్ల మీదికి రాగానే, తడిగుడ్డ కప్పకముందే, "ఎవురిదే అది?" అని అడిగేది. మేం పేరు చెప్పాలి. గ్రాఫ్ట్ అనకూడదు, మూడో నంబరు పేషెంటుది అనకూడదు. పేరు. చిన్న డాక్టర్లు చాటున నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

రమణయ్యది జరిగేదాకా నవ్వాను. జలదంకి దగ్గర పల్లె ఆయనది. సేద్యగాడు, కబడ్డీ పిచ్చోడు. నలభై దగ్గరపడుతున్నా ఆట మానక మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ రోజు బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. దారం కోసం ఇటు తిరిగి అటు తిరిగేసరికి నరం లేదు. నా కాలి పక్కన, నేల మీద ఉంది. అందరూ మోకాలి మీదికి వంగి ఉన్నారు. ఎవరూ చూడలేదు. తీసి కడిగేస్తే ఎవరికి తెలుస్తుంది అని మనసు అంది. అవును, అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అప్పుడే అటువైపు నుంచి సువార్తమ్మ గొంతు వినిపించింది. "ఏమ్మే, రమణయ్యది అయిందా?"

గ్రాఫ్ట్ అయిందా అని అడిగి ఉంటే ఆఁ అనేసేదాన్నేమో. రమణయ్య అనేసరికి, ముందురోజు మంచం మీద కూర్చుని "మళ్లా ఆడొచ్చు గదమ్మా" అని నన్ను అడిగిన మనిషి కళ్లముందుకు వచ్చాడు. "కింద పడింది సిస్టర్" అన్నాను.

సర్జన్ గారు అన్న మాటలు ఇక్కడ రాయను, ఆయన కోపం న్యాయమైనదే. సువార్తమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. దాన్ని తీయించి, మందునీళ్లలో నానబెట్టి, మళ్లీ మళ్లీ కడిగించి, గడియారం చూసుకుంటూ పక్కన నిలబడింది. సర్జన్ గారు సరేనన్నాక కుట్టమని మళ్లీ నా చేతికే ఇచ్చింది. మరునాడు నన్ను రమణయ్య మంచం దగ్గరికి తీసుకుపోయింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. నేనే చెప్పాను, ఏడుస్తూ. చీము పట్టే ప్రమాదం ఉందని కూడా చెప్పాను. ఆయన మోకాలి కట్టు వైపు చూసి, "నేను మట్టిలో పడింది ఎన్నిసార్లో తల్లీ, నా నరం ఒకసారి పడింది. చెప్పినావు గదా, ఇంక ఏడవబాక" అన్నాడు. మూడు వారాలు నాకు తిండి సహించలేదు. గాయం చక్కగా మానింది.

ఆయన గాయం మానింది గానీ నా భయం మానలేదు. ఆ బల్ల దగ్గరికి మళ్లీ పోలేదు. వంకలు చెప్పి ఎనిమిది నెలలు తప్పించుకున్నాను. సువార్తమ్మ బలవంతపెట్టలేదు. కానీ ఎవరో ఒకరి నరం వచ్చినప్పుడల్లా నా వైపు ఒక చూపు చూసేది.

అలా ఉండగా ఒక శనివారం ఆత్మకూరు స్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే ఆమె దిగబోయింది. పాదం మెట్టు దగ్గర ఇరుక్కుని, మనిషి అటు తిరిగి, మోకాలు ఇటు తిరిగింది. లోపల పట్టీ తెగింది. నాలుగు అడుగులు వేస్తే కాలు మడతపడిపోయేది. థియేటరులో గంటలు గంటలు నిలబడే మనిషికి అంతకంటే కష్టం ఏముంటుంది? ఆపరేషన్ తప్పదన్నారు. నరం సిద్ధం చేయడానికి మద్రాసు నుంచి తెలిసినవాళ్లను పిలిపిస్తానన్నారు సర్జన్ గారు.

"ఎందుకు సార్? మా పిల్ల ఉండాది గదా" అంది.

నేను ఆ సాయంత్రం వార్డుకు పోయి బతిమాలాను. "వద్దు సిస్టర్, నా బల్ల మీంచి రమణయ్యది పడింది మీకు తెలుసు."

"పడింది తెలుసు. నువ్వు చెప్పింది కూడా విన్నాను" అంది. "పడెయ్యని చెయ్యి యాడన్నా దొరుకుతాది. చెప్పే నోరుండే చెయ్యి కావాల నాకు."

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద తెలియదు గానీ మనిషి మెలకువగానే ఉంది. మధ్యలో పచ్చగుడ్డ తెర. సర్జన్ గారు నరం తీసి నా చేతిలో పెట్టారు. గ్లవుజులో నుంచి కూడా దాని వెచ్చదనం తెలిసింది. దాన్ని బల్ల మీద పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాను. తెర వెనక నుంచి ఆ గొంతు వచ్చింది.

"ఎవురిదే అది?"

"సిస్టర్ది" అన్నాను.

"సిస్టర్లు చానా మంది ఉండారు. పేరు చెప్పు."

ఆమెను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "సువార్తమ్మది" అన్నాను.

"గట్టిగా చెప్పు."

"సువార్తమ్మది!"

"ఆఁ. తడి ఆరనీబాక."

నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది. నరాన్ని బల్ల మీద పెట్టాను. దానికి అంటిన కండ గీరేశాను, మడిచాను, కొసలు కుట్టాను, తడిగుడ్డ కప్పాను. మా నాయన చెక్కలాంటి ఇనుప కొలతలో ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రంలో సరిగ్గా దూరింది. "ఎనిమిది" అని నేను చెబితే, తెర వెనక నుంచి "ఈ వయసుకు మంచిదే" అని జవాబు.

చాలా నెలలు గడిచాక ఒక సోమవారం తెల్లవారి ఆమె ఆత్మకూరులో మళ్లీ బస్సెక్కింది. కండక్టరు చెయ్యి అందించబోతే వద్దంది. ఆపరేషన్ అయిన కాలే ముందు మెట్టు మీద పెట్టి, నా వైపు చూసి, బరువంతా దాని మీద వేసి ఎక్కింది. తువ్వాలు మడిచి నా ఒళ్లో పడేసింది. ఆ కాలితోనే చివరిదాకా నడిచింది.

ఇప్పుడు నేనే పెద్ద నర్సును. నరం బల్ల మీదికి రాగానే ఎవరిది అని అడుగుతాను. నా కింద పనిచేసే పిల్లలు చాటున నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ.

మొన్న ఆత్మకూరులో ఎక్కిన ఒక పెద్దామె, సంచి మోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, సీటు మీద ఉన్న నా చేతిని చూసి ఆగింది. "ఎవురిదమ్మా ఈ సీటు?" అని అడిగింది.

"సువార్తమ్మది" అన్నాను. గట్టిగానే అన్నాను. తర్వాత చెయ్యి తీసి, కూర్చోమ్మా అని కిటికీ వైపు జరిగాను.