రాతి చిలక కళ్లు

నంద్యాలలోని మా పాత ఇంటిని తమ్ముడు బాగు చేయించి, గదిగదీ తిప్పి చూపిస్తున్నాడు. కింద బేతంచెర్ల బండలకు కొత్తగా పాలిష్ పట్టించాడు. వాకిటి రాతి ద్వారబంధాన్ని మాత్రం మార్చలేదు. దాని మీది చిలకను చూడగానే నా చేయి దానంతటదే వెనక్కి పోయింది.

ఆ చిలకను చెక్కింది ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆయన మా పెరట్లో కూర్చుని ఉలి కొడుతూ, "దగ్గరికి రావద్దు పాపా, కండ్లు పోతాయ్" అనేవాడు. ఒకరోజు ఆయన అన్నానికి లేవగానే పోయి చిలకను ముట్టుకున్నాను. తీరా చూస్తే దానికి కళ్లు లేవు! నేను ముట్టుకున్నందుకే పోయాయనుకున్నాను. ఇక నావీ పోతాయి.

రెండు రోజులు ఒక్కో కన్నూ మూసి, గోడ మీది క్యాలెండర్ అంకెలు కనిపిస్తున్నాయా లేదా అని చూసుకున్నాను.

"ఏందిమ్మే, ఆడ ఏం చేస్తాండావ్?" అని అమ్మ అడుగుతుంటే రెండో కన్ను మూసుకున్నాను.

మూడో రోజు చిలకకు కళ్లు వచ్చాయి. కళ్లు చివర్న చెక్కుతారనీ, రాతి ముక్కలు ఎగిరి నా కళ్లలో పడతాయనే ఆయన భయమనీ చాలా ఏళ్లకు అర్థమైంది.

"ముట్టుకో అక్కా, ఎంత నున్నగుండాదో!" అన్నాడు తమ్ముడు.

ముట్టుకున్నాను, కళ్లు గట్టిగా మూసుకుని.