శ్రావణ శుక్రవారం ఆరబెట్టిన గొట్టాలు

మా ఎడారి ఊరు చాండ్లర్‌లో ఎండకు కరువు లేదు, కరువల్లా నా బుద్ధికే. ఆ ఎండనూ ఈ బుద్ధినీ నమ్ముకుని ఒక శ్రావణ శుక్రవారం నేను చేసిన నిర్వాకానికి ఊళ్ళో సగంమంది తెలుగువాళ్ళ దేవుడి గదుల్లోకి తూటాలు చేరాయి. కంగారు పడకండి, ఖాళీవే. అయినా ఆ రోజు నా పైప్రాణాలు పైనే పోయాయి.

సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది నాకు షూటింగ్ పిచ్చి పట్టింది. పట్టించినవాడు పక్కింటి రాన్, రిటైరైన స్కూల్ బస్ డ్రైవరు. పోయిన వాళ్ళ నాన్న తాలూకు పాత రైఫిలొకటి ఆయన దగ్గరుంది. దాని తూటాలు ఇప్పుడు కొట్లలో దొరకవు. అందుకని పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను పారేయడు. అడుగున పేలిపోయిన బిళ్ళను ఊడగొట్టి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ మందు కూరి ఇంట్లోనే తూటాలు చేసుకుంటాడు. ఆ గొట్టాలు కూడా నాన్నగారివే. బొటనవేలంత ఉంటాయి, అడుగున బిళ్ళ ఊడినచోట చిన్న చిల్లు.

అవి నల్లబడ్డాయని రాన్ బాధపడుతుంటే నేను ఊరుకోవచ్చుగా. ఊరుకుంటే ఈ కథెందుకు?

"ఇత్తడి తోమడం మా ఇళ్ళలో పుట్టిన విద్య. చింతపండు అని ఒకటుంది. నాకివ్వు, అద్దంలా చేసిస్తాను" అన్నాను నా ఇంగ్లీషులో.

"జాగ్రత్త, మూర్తీ. అవి మా నాన్నవి, పోతే మళ్ళీ రావు" అన్నాడు రాన్ తన ఇంగ్లీషులో. "కడిగాక బాగా ఆరనివ్వు. లోపల చుక్క నీళ్ళున్నా మందు పాడవుతుంది. ఆదివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్దాం, మా నాన్న రైఫిల్ నీ చేత పేల్పిస్తాను."

"నాకొదిలెయ్" అన్నాను. నేను ఈ మాట అన్న ప్రతిసారీ ఏదో ఒక కొంప మునిగింది.

ఇంట్లో చిక్కేమిటంటే అప్పటికి మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. చీమ ఎదురైతే దారిచ్చి నడిచే మనిషి. మా ఆవిడ స్వప్న ముందే హెచ్చరించింది.

"గన్ సంగతి అమ్మకి తెలిసిందంటే నీ షూటింగ్ ఆ రోజుతో క్లోజ్. నేను కూడా సపోర్ట్ చెయ్యను."

శుక్రవారం పొద్దున్నే గరాజ్‌లో పాత బకెట్లో చింతపండు పిసికి, గ్లవ్స్ వేసుకుని గొట్టాలు తోమాను. బంగారంలా తేలాయి. పెరట్లో పాత చీర పరిచి, నీళ్ళు కారిపోవాలని ఒక్కొక్కటీ బోర్లించి వరసగా నిలబెట్టాను. మూతి కిందికి, చిల్లు పైకి. లేచి వెనక్కి తిరిగితే అత్తయ్యగారు, చేతిలో కాఫీ.

"ఏంటి బాబూ ఇవి?"

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. లోపల వరలక్ష్మీ వ్రతం హడావుడి. నోట్లోంచి అదే ఊడిపడింది.

"పూజకండీ, అత్తయ్యగారూ."

ఆవిడ గొట్టాల వంక చూసి, నా వంక చూసి, "అలాగా" అని లోపలికెళ్ళారు. గండం గడిచిందనుకుని నేను ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుపోయాను.

సాయంత్రం వచ్చేసరికి చీర మడతపెట్టి ఉంది. గొట్టాలు లేవు.

"స్వప్నా, పెరట్లో ఇత్తడివి ఏవీ?"

"ఆ అగరొత్తుల స్టాండ్లా? రిటర్న్ గిఫ్ట్స్ డెలివరీ లేట్ అయింది. అమ్మ అవి తెచ్చి ఒకదాని చిల్లులో అగరొత్తి గుచ్చి చూపించింది. పర్ఫెక్ట్‌గా నిలబడింది. తాంబూలంతో పాటు తలా రెండు ఇచ్చేశాం. నువ్వే తెప్పించావటగా, సో స్వీట్."

అవేమిటో చెప్పాను. స్వప్న సోఫాలో కూలబడింది.

"అయ్యో, అవి రాన్‌వా? వాళ్ళ నాన్నవా?"

"వెనక్కి అడుగుదాం."

"తాంబూలంలో ఇచ్చింది వెనక్కి అడుగుతారా ఎవరైనా? పైగా పేరంటానికొచ్చిన వాళ్ళని?"

గొట్టం కడగనేల, అత్తగారి కంట పడనేల. అయినా ఆశ చావక, వచ్చినవాళ్ళలో మెత్తని మనిషి అని సుజాతగారికి ఫోన్ చేశాను.

"అమ్మా, పొద్దున ఇచ్చిన స్టాండ్లలో చిన్న డిఫెక్ట్ ఉందట. రీకాల్ చేస్తున్నాం."

"డిఫెక్ట్ ఏం లేదు అన్నయ్యగారూ, సూపర్‌గా ఉన్నాయి. అమ్మవారి ముందు పెట్టేశాను. మా అమ్మాయి కాలేజీ డార్మ్ రూమ్‌కి ఒకటి కావాలంటోంది, ఎక్స్‌ట్రా ఉన్నాయా?"

ఫోన్ పెట్టేశాను. ఇక రాన్‌కు చెప్పక తప్పదు. రైఫిల్ పేల్చే అవకాశం పోతే పోయింది. అంత నమ్మి తండ్రి వస్తువు చేతిలో పెట్టిన మనిషికి మొహమెలా చూపించాలి? నాకు నిజంగా ఏడుపొచ్చింది. పక్కింటికి నడిచే ఆ నాలుగడుగులూ తిరుమల కొండ ఎక్కినట్టు ఎక్కాను.

తలుపు తీయగానే గుప్పుమని చందనం వాసన. రాన్ టేబుల్ మీద గొట్టం, గొట్టంలో అగరొత్తి.

"మా ఆవిడ లిండాకి మీ అత్తగారిచ్చారు" అన్నాడు. "ఎక్కడో చూసినట్టుందే అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను."

తల దించుకుని అంతా చెప్పాను.

"మరి మిగతావి?"

"దేవుడి దగ్గరున్నాయి, రాన్."

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు.

"ఇల్లంతా తూటా మందు కంపని మా అమ్మ జీవితాంతం నాన్నని సాధించింది. ఆయన సామాను నుంచి మంచి వాసన రావడం ఇదే మొదటిసారి. ఉండనీ. ఆదివారానికి నా దగ్గర ఇంకో పెట్టె ఉంది. అది మాత్రం నేనే కడుక్కుంటాను."

తేలికపడిన గుండెతో ఇంటికొచ్చాను. ఇక దాపరికాలొద్దనుకుని అత్తయ్యగారి ముందు నిలబడ్డాను.

"అత్తయ్యగారూ, పొద్దున మీకో అబద్ధం చెప్పాను. అవి పూజవి కావు, తూటాల గొట్టాలు."

ఆవిడ ప్రసాదం పులిహోర ప్లేట్లో పెడుతూ తలైనా ఎత్తలేదు.

"తెలుసు బాబూ. మా నాన్న హెడ్ కానిస్టేబుల్. పోలీసు క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, ఖాళీ తూటా ఎరగనా?"

"మరి తెలిసీ పంచారా?"

"మీరు పూజకన్నారుగా. వ్రతం పూట ఇంటి అల్లుడి మాట అబద్ధం కాకూడదని పూజకే ఇచ్చాను. తినండి, చల్లారిపోతుంది."

ఆ పులిహోర సాక్షిగా, అందులోని చింతపండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ గొట్టాన్నీ బోర్లించి ఆరబెట్టను. ఆరబెట్టినా, పోలీసు కూతురికి అబద్ధం చెప్పను.