ఖరిదా మేడ మీద మూసిన ఆకాశం

కొన్నేళ్లుగా ఒక బరువు గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఇంటి చుట్టుపక్కల అందరికీ కథలు చెప్పేది నేనే. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్లో, మా తెలుగువాళ్ల పేట ఖరిదాలో, మా మేడ మీద గదిలో, దగ్గరి హిజ్లీలోని పెద్ద కాలేజీలో చదువుకునే నీలవేణి అద్దెకు ఉండేది. శ్రీకాకుళం పిల్ల. నాకు పిల్లలు లేరు. వచ్చిన వారానికే పిన్నీ అంది. గోల్‌బజార్ నుంచి చేప తెస్తే ముల్లు తీసి పెట్టమనేది, అంత చదువుకున్నదీ.

ఆమె చదువు ఆకాశం మీద. మేడ మీద కర్రకు తెల్ల టోపీలాంటి యాంటెన్నా కట్టింది. అది ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుంటుంది. చలికాలంలో ఒక్కోసారి ఉత్తర ధ్రువం మీద, మేఘాలకన్నా ఎంతో ఎత్తున, గాలి ఉన్నట్టుండి వేడెక్కుతుందట. ఆ అదురు ఇంత దూరం వచ్చి, మన నెత్తిన ఇంకా పైనున్న విద్యుత్ పొరను కదిలిస్తుందట. చంద్రుడి లాగుడూ అందులో కలుస్తుందట. పొద్దుట ఆ పొర చిక్కబడి, మధ్యాహ్నం దాటేసరికి పలచబడుతుందట. ప్రతి చలికాలమూ రాదు. నీలవేణి దాని కోసమే కాచుకుని ఉండేది.

ఆ ఏడు ఆమె అక్క పెళ్లికని ఊరెళ్లింది. నేను మేడ మీద వడియాలు పెట్టాను. కాకులు వాలి ఆ తెల్ల టోపీని పాడుచేస్తున్నాయని, దాని మీద పాత అల్యూమినియం డేగిసా బోర్లించాను. ఎరగక చేసిన పని అది. తరువాత ఫోన్ వచ్చింది.

“పిన్నీ! వచ్చీసినాది! పైన గాలి వేడెక్కినాదంట. నా టోపీ బాగున్నాదా?”

“నీ టోపీ గోలేనేటే? పెళ్లిలో ఏటైనా తిన్నావా లేదా?”

“తిన్నాన్లే. సూడు పిన్నీ, దానికి ఆకాశం కనబడాల. మీద ఏటీ ఉండకూడదు. ఇది దొరికిందంటే ఈ ఏడే చదువైపోతాది. గది ఖాళీ చేసేస్తాను, నీకు నా పీడ వదిలిపోతాది!”

“ఠీక్ హై. నేను సూసుకుంతాను. నువ్వు పెళ్లి సూసుకో.”

మెట్లెక్కాను. డేగిసా మీద చెయ్యి వేశాను. ఎండకు వెచ్చగా ఉంది.

ఎత్తలేదు.

ఎందుకు? ఇది దొరక్కపోతే ఇంకో చలికాలం ఇక్కడే ఉంటుంది కదా అన్న ఆశ తప్ప, ఎంత వెతుక్కున్నా నాకు వేరే కారణం కనబడదు. ప్రేమేనా అది? ప్రేమైతే ఆమె కాచుకున్న దాన్ని మూసిపెడుతుందా?

ఆమె వచ్చే ముందు తీసేశాను. కంప్యూటర్‌లో ఆ రోజుల సంకేతాలేవీ లేకపోవడం చూసి, కేబుల్ పట్టు తప్పిందనుకుంది. పెళ్లికి వెళ్లడం తనదే తప్పని ఏడ్చింది. అన్నం కలిపి తినిపించాను. ఆ చేత్తోనే.

ఇంకో చలికాలం ఉండనే లేదు. వేరే ఊళ్లో పట్టిన సంకేతాలతో ముగించమన్నారట గురువుగారు. ఎండలు ముదరకముందే గది ఖాళీ అయింది. చదువు ముగింపుకు ఆమె రాసిన పుస్తకంలో మా ఖరిదా ఆకాశం లేదు.

ఇప్పుడు పుణెలో ఉంటోంది. చలికాలపు పొద్దుటిపూట నేను మేడెక్కి పైకి చూస్తాను. ఆ పొర చిక్కబడుతోందా? నా కంటికేం తెలుస్తుంది? ఫోన్లో ఇప్పటికీ, “ఆ కేబుల్ ముందే మార్చీసుంటే బాగున్ను పిన్నీ” అంటుంది. నేను వంట సంగతి ఎత్తుతాను.

కేబుల్ బాగానే ఉంది. మూసింది నేను. తెలిసి, మూసే ఉంచాను. ఆమెతో అనాల్సిన మాట ఇది, ఇంకా అనలేదు. మీ దగ్గరైనా నోరు పెగిలింది.