పసుపుకొమ్ము వాత

ఏ పసిబిడ్డ దగ్గినా మా అత్త ఆ బిడ్డ డొక్కకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని ఊపిరి వినేది. మక్తల్ సంతకు వచ్చే తల్లులు కూడా పిల్లలను ఆమెకే చూపించేవారు.

నా బిడ్డ ఊపిరాడక డొక్కలెగరేస్తుంటే దవాఖానకు పోదామని ఏడ్చాను.

“సూదులిచ్చేటోనికేం తెలుసే? వాత పెడితే లోపలి నెమ్ము ఆరుతది,” అంటూ పసుపుకొమ్ము కాల్చి డొక్క మీద అంటించింది. రెండో వాత పెట్టబోతే బిడ్డను లాక్కున్నాను. సాయంత్రానికి ఊపిరి ఆగిపోయింది.

నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకుని, బడిపిల్లల పుస్తకంలో ఊపిరితిత్తుల పాఠం చదివాను. నెమ్ము చేరేది ఎముకల గూడు లోపల, గాలి నిండే సన్నని తిత్తుల్లో. తోలు కాల్చిన వేడి అక్కడికి చేరదు.

మంచం పట్టిన అత్తకు అదంతా వివరంగా చెప్పాను.

“నువ్వు గుంజుకోకపోతే ఇంకో వాత పెడుతుంటి,” అంది. “పిల్ల బతుకుతుండె.”