తలుపు తీసినా ఆగని ఓవెన్

నా చిన్నప్పుడు గద్వాల బస్టాండు దగ్గర మాకు ఒక బేకరీ ఉండేది. బేకరీ అనగానే వినేవాళ్ళకు యాలకుల వాసన, అప్పుడే కాలిన బన్ను గుర్తొచ్చి నోరూరుతుంది. నాకు మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ గొంతులోకి పుల్లటి నీళ్ళు వస్తాయి. జుట్టు నెరిసింది కానీ ఆ రోత మాత్రం పాతబడలేదు.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత సంగతి వింటే మీరు అలాగే అనుకుంటారు. పిండి పిసికే పని ఇంకొకరికి అప్పజెప్పేవాడు కాదు. మమ్మల్ని ఏనాడూ ఒక దెబ్బ కొట్టలేదు. కాకపోతే కొత్త వస్తువు కనబడితే ఆయనకు ఇంకేదీ కనబడేది కాదు. హైదరాబాదులో ఏదో హోటలు మూతపడి సామాను అమ్ముతున్నారని విని వెళ్ళి, అందులోంచి ఒక మైక్రోవేవ్ ఓవెన్ పట్టుకొచ్చాడు. తొంభైల నాటి మాట. గద్వాలలో అలాంటిది అప్పటికి ఎవరూ చూడలేదు. అలంపూర్ బస్సు దిగినవాళ్ళు, మగ్గం మీది నుంచి లేచి టీకి వచ్చిన నేత పనివాళ్ళు మా గల్లా ముందు నిలబడి, నిప్పు లేకుండా పఫ్ఫు వేడెక్కడం చూసేవాళ్ళు. మా నాన్న మెడ అప్పుడు కొంచెం పొడుగయ్యేది.

కొన్నాళ్ళకు దాని తలుపు వదులైంది. సరిగ్గా పడేది కాదు. పడకపోతే ఓవెన్ నడిచేది కాదు. నడిచినా మధ్యలో ఆగిపోయేది. లోపలి ఫ్యూజు మాటిమాటికీ పోయేది. మా నాన్న టీవీలు బాగుచేసే ఒకాయనను పిలిపించాడు. ఆయన ఒక మధ్యాహ్నం కూర్చుని ఏదో చేసి, "ఇగ ఫ్యూజు పోనే పోదు" అని చెప్పి వెళ్ళాడు. నిజంగానే పోలేదు. తలుపు వేసినా నడిచింది, తీసినా నడిచింది. తలుపు బార్లా తెరిచి ఉన్నా లోపల దీపం వెలుగుతూ, పళ్ళెం తిరుగుతూ ఉండేది.

మా నాన్నకు అది లోపంగా తోచలేదు, సౌకర్యంగా తోచింది. గిరాకి ఎక్కువ ఉన్నప్పుడు మాటిమాటికీ తలుపు వేయడం, తీయడం తప్పింది కదా అన్నాడు. పఫ్ఫులు లోపల పెట్టేది, తీసేది మా అమ్మ. ఓవెన్ తిరుగుతూనే ఉండేది, ఆమె చేయి లోపలికి వెళ్తూ వస్తూ ఉండేది.

ఆ రోజుల్లోనే రెండు సంగతులు మొదలయ్యాయి. ఒకటి వాసన. ఓవెన్ తిరిగినప్పుడల్లా వెంట్రుకలు కాలినట్టు, ఎక్కడో మాంసం కుళ్ళినట్టు ఒక కంపు గుప్పుమనేది. మా నాన్న దాని పక్కన అగరుబత్తీ వెలిగించేవాడు. కుళ్ళు వాసన మీద మల్లెపూల అగరుబత్తీ పొగ పడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఆ పొగలో నిలబడి జనం ఎగ్ పఫ్ఫులు తినేవాళ్ళు. నేను బడి నుంచి వచ్చి, ముక్కు మూసుకుని వెనక ఇంట్లోకి పరుగెత్తేదాన్ని.

రెండోది మా అమ్మ చేయి. కుడిచేతి వేళ్ళు లోపల మండుతున్నాయని అనేది. పైన చర్మం చూస్తే పెద్దగా ఏమీ కనబడేది కాదు, కొంచెం ఎర్రగా ఉండేది, అంతే. పని అయ్యాక చెంబులో నీళ్ళు పోసుకుని వేళ్ళు ముంచుకుని కూర్చునేది. మా నాన్న దాన్ని మిరపకాయల మంట అన్నాడు. ఇంకోసారి, పని తప్పించుకోవడానికి వేషం అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు తెలియలేదు.

మా పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. వాళ్ళ పెద్దమ్మాయిని మేమంతా ఆపా అని పిలిచేవాళ్ళం, అంటే అక్క అని. వనపర్తిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, హైదరాబాదులో వంటింటి మిషన్లు బాగుచేసే చోట ఉద్యోగం చేసేది. వాళ్ళ నాయన మంచాన పడితే సెలవు పెట్టి వచ్చింది. ఆయనకు పాలల్లో ముంచి పెట్టడానికి బన్ను కావాలని ఒకరోజు పొద్దున్నే మా దుకాణానికి వచ్చింది.

ఆమె గల్లా దగ్గర నిలబడి ఉండగా మా అమ్మ చేయి ఓవెన్‌లో ఉంది. తలుపు తెరిచే ఉంది. దీపం వెలుగుతోంది. ఆపా ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఒక్క అరుపు అరిచి, గల్లా సందులోంచి దూసుకొచ్చి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"ఏంది బిడ్డా, గిట్ల జేస్తివి? గిరాకి నిలబడ్డది," అన్నాడు మా నాన్న.

"తలుపు తీస్తే ఆగాలె కాకా. ఆగకుండ గిట్ల ఎవరు జేసిండ్రు?" అని అడిగింది. "దీని సెగ కండ్లకు కనబడదు. పఫ్ఫును ఎట్ల ఉడికిస్తదో చేతిని గట్లనే ఉడికిస్తది. లోపట లోపట్నే."

ఉడికిస్తది అన్న మాట విని మా అమ్మ తన వేళ్ళవైపు చూసుకుంది. మా నాన్న మాత్రం, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా, సాయంత్రం తీరిగ్గా చూద్దాంలే అన్నాడు. అప్పుడు మా అమ్మ, దుకాణంలో గిరాకి ముందు ఎన్నడూ మా నాన్నకు ఎదురు చెప్పని మనిషి, అంది:

"ఇప్పుడే విప్పనియ్యి. నా చెయ్యి ఎందుకు మండుతున్నదో నేను గూడ చూస్త."

ఆపా ఇంటికి వెళ్ళి తన పనిముట్ల సంచి తెచ్చుకుంది. గాజులు, ఉంగరం తీసి మా అమ్మ చేతికిచ్చింది. కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకుంది. నన్ను వాకిలి అవతల నిలబడమంది. ప్లగ్గు మళ్ళీ ఎవరూ పెట్టకుండా తీగ లాగి ప్లగ్గును తన సంచిలోకి దోపింది. అప్పుడు ఓవెన్ పైరేకు స్క్రూలు విప్పి ఎత్తింది.

ఆ కంపు వాకిలి దాకా వచ్చి నా మొహానికి కొట్టింది. లోపల ఎలుక గూడు ఉంది. బన్ను తుంపులు, కాగితం పేలికలు, దూది. అందులో కళ్ళు తెరవని పిల్లలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. తల్లి ఎలుక పంకాకు, పక్కనున్న రేకుకు మధ్య ఇరుక్కుని చచ్చింది. దాని బొచ్చు ఒకవైపు కాలిపోయింది, రెండోవైపు ఇంకా తడిగా ఉంది. వాటన్నిటి మీదా నూనె జిడ్డు తేనెలా కారి గడ్డకట్టింది. రేకు ఎత్తగానే బొద్దింకలు వెలుగు తగిలి బిలబిలమని నాలుగు దిక్కులా పరుగెత్తాయి. కొన్ని ఆపా చేతి మీదుగా పాకాయి. ఆమె విదిలించుకుని, వాంతి ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఈ పంకా గాలే లోపటికి పోతది కాకా, పఫ్ఫుల మీదికి," అంది.

మా నాన్న సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డవాళ్ళు తొందరపడతారు. "తీసి పారేస్తే అయిపాయె," అంటూ ఆ ఎలుకను పట్టుకోవడానికి చేయి చాపాడు. ఆపా ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజింది. ప్లగ్గు పీకాం కదా అన్నాడాయన. ఆమె సంచిలోంచి పొడుగు ప్లాస్టిక్ పిడి ఉన్న ఒక పుల్ల తీసింది. దాని చివర ఒక తీగ ఉంది. ఆ తీగను ఓవెన్ రేకుకు తగిలించి, ఒక చేయి వెనక్కి పెట్టుకుని, ఎలుక పక్కనే ఉన్న గుండ్రటి డబ్బాకు ఆ పుల్ల మొన ఆనించింది. టప్పుమని నీలం మెరుపు ఒకటి లేచింది. మా నాన్న వెనక్కి తూలి పిండి బస్తా మీద కూర్చుండిపోయాడు.

"ఇది కండెన్సర్. ప్లగ్గు పీకినంక గూడ కరెంటు దీంట్ల దాగుంటది. శానా సేపు ఆగినా ఒక్కోసారి పోదు. చెయ్యి పెడితే మనిషి లేవడు." మళ్ళీ మళ్ళీ ఆనించి, మెరుపు రావడం లేదని తేలాకే ఆమె లోపల వేలు పెట్టింది.

తర్వాత ఆ టీవీ ఆయన చేసిన పని చూపించింది. తలుపు తీస్తే మిషన్‌ను ఆపాల్సిన చిన్న స్విచ్చులను కదలకుండా తీగతో బిగించి కట్టాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ ముక్క పెట్టాడు. తలుపు దగ్గర తప్పు జరిగితే ఫ్యూజు కొట్టేసి ఓవెన్ దానంతటదే ఆగిపోయేలా తయారుచేశారని ఆపా చెప్పింది. అది మాటిమాటికీ పోయిందంటే ప్రమాదం ఉందని చెప్పడమే. ఆయన ఆ చెప్పే నోరే కట్టేశాడు.

మేమంతా ఆ పెట్టె చుట్టూ అలా నిలబడి ఉండగానే గల్లా దగ్గర ఎవరో అమ్మాయిలు బడికి పోతూ పఫ్ఫులు అడిగారు. ఆ పొద్దున వేడిచేసిన పఫ్ఫులు ట్రేలో అలాగే ఉన్నాయి. మా నాన్న లేచాడు. పిండి దులుపుకున్నాడు. ట్రేలోంచి రెండు పఫ్ఫులు తీసి కాగితంలో చుట్టి, మొహాన నవ్వు పులుముకుని వాళ్ళకు అందించబోయాడు.

నేను ఎలుక గూడు చూసి వాంతి చేసుకోలేదు. మా నాన్న ఆ పొట్లం అందించబోవడం చూసి చేసుకున్నాను, వాకిలి మెట్టు మీద.

మా అమ్మ ఆయన చేతిలోంచి పొట్లం లాక్కుంది. అమ్మాయిలను ఇవాళ లేవని చెప్పి పంపేసింది. పొట్లం విప్పి ఒక పఫ్ఫు ఆయన మొహం ముందు పెట్టింది.

"తిను," అంది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిలగాండ్లకు పెట్టేటిది నువ్వు ముందు తిను. నేను చూస్త."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నోటి దాకా తెచ్చాడు కూడా. పెదవులు ముడుచుకుపోయాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఒక్కసారి ఓకరించి దాన్ని కింద పడేశాడు. మా అమ్మ ట్రే మొత్తం ఎత్తుకెళ్ళి మోరీ కాలువలో గుమ్మరించింది. కోపంగా కాదు, ఇంట్లో చెత్త ఎత్తిపోసినట్టు నిదానంగా.

మా నాన్న ఓవెన్ మీద ఆశ అంత త్వరగా వదులుకోలేదు. ఎలాగైనా బాగుచేయమని ఆపాను బతిమాలాడు. ఆమె సరేనంది, ఆయన మీది జాలితోనో, మా అమ్మ మీది గౌరవంతోనో తెలియదు. హైదరాబాదు వెళ్ళి వచ్చేటప్పుడు స్విచ్చులు, ఫ్యూజు, తలుపు కీలు తెచ్చింది. లోపలంతా ఆరుబయట కడిగి ఆరబెట్టింది. తాను పనిచేసే చోటి నుంచి సెగ బయటికి కారుతుంటే చూపించే ఒక చిన్న మీటరు కూడా అడిగి తెచ్చింది. మమ్మల్నందరినీ బయటికి పంపి, ఓవెన్‌లో గిన్నెడు నీళ్ళు పెట్టి, తలుపు వేసి నడిపింది. తలుపు తీయగానే ఆగింది. మళ్ళీ వేసి మళ్ళీ తీసి చూసింది, ఆగింది. మా నాన్న మొహం వెలిగింది.

కానీ తలుపు అంచుల వెంబడి ఆ మీటరును మెల్లగా జరుపుతూ పోతుంటే కింది మూల దగ్గర ముల్లు లేచి నిలబడింది. ఆమె మళ్ళీ జరిపింది. అక్కడే మళ్ళీ లేచింది.

"తలుపే వంగింది కాకా. ఇడ్సిపెట్టు దీన్ని. మంచిగ నడుస్తున్నట్టే కనబడుతది, మూల నుంచి కారుతనే ఉంటది," అంది.

ఎవరూ కనిపెట్టరు, నేనే ముందు నిలబడతాను అని మా నాన్న ఏవేవో అన్నాడు. ఆమె విన్నంతసేపు విని, కత్తెరతో ప్లగ్గు తీగ మొదట్లో కత్తిరించింది. తాను తెచ్చిన కొత్త స్విచ్చులను కూడా విప్పి సంచిలో వేసుకుంది. ఇంకెవరి చేతికీ వెళ్ళకుండా తలుపు ఊడదీసి వేరుగా పాత ఇనుము వాడికి వేయించింది. ఆ తర్వాత మా బేకరీలో మళ్ళీ కట్టెల పొయ్యి ఒక్కటే ఉండేది. గిరాకి కొంత తగ్గింది. మా నాన్న మాటలు కూడా.

మా అమ్మను కర్నూలు దవాఖానకు తీసుకెళ్ళారు. నొప్పి తగ్గింది కానీ రెండు వేళ్ళ కొసలకు స్పర్శ తిరిగి రాలేదు. నాకు పిల్లలు పుట్టాక వాళ్ళకు స్నానం పోయాలని ఎంతో ముచ్చటపడేది. నీళ్ళు వేడిగా ఉన్నాయో గోరువెచ్చగా ఉన్నాయో ఆ చేతికి తెలియదు. ఎడమ చేయి ముంచి చూసినా నమ్మకం లేక, "జర నువ్వొచ్చి చూడు బిడ్డా" అని నన్ను పిలిచేది.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ వంటశాల చూసుకుంటున్నాను. గ్రైండరో, ఓవెనో, ఏది బాగుచేయించినా పనివాడి మాట మీద వంటవాళ్ళకు అప్పజెప్పను. వెనకభాగం విప్పించి చూస్తాను, తలుపు తీస్తే ఆగుతుందో లేదో చూస్తాను, మొదటిరోజు వండినది నేను తిన్నాకే పిల్లలకు పెట్టనిస్తాను. చాదస్తం అంటారు. అననీ.

మా నాన్న పోయి చాలాకాలమైంది. ఆయన గుర్తొస్తే ఏడుపు వస్తుంది, ప్రేమ వస్తుంది, వాటితోపాటు ఆ నవ్వు పులుముకున్న మొహమూ కనబడి రోత పుడుతుంది. పోయినవాళ్ళ మీద ఇంకా ఎందుకమ్మా ఆ రోత అని మా పిల్లలు అడుగుతారు. ఎలుకకు ఏం తెలుసు, అది వెచ్చదనం వెతుక్కుంది. తెలిసీ పిల్లలకు ఆ పొట్లం చాపేది మనిషే. ఆ రోతను నేను కడుక్కోలేదు, కడుక్కోను కూడా. నా వంటశాలలో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఈ రోజుకీ నీళ్ళల్లో వేలు పెడితే వేడి తెలుస్తుంది.